బాయి రోజు, గడియారం రోజు

కంప్యూటర్ల తారీఖు అర్ధరాత్రి పన్నెండింటికి మారుతదని పిల్లలకు చెప్పి చెప్పి నా గొంతు అరిగింది గని, నా మనసుల మాత్రం ఏనాడూ గట్ల మారలే. గోదావరిఖనిల బొగ్గుబాయి పని ఇంట్ల పుట్టినోళ్ళకు రోజు మొదలయ్యేది పొద్దుగాల ఏడింటి మొదటి షిఫ్టుతోని. మా బాపు మూడో షిఫ్టుకు రాత్రి పదకొండింటికి బాయి దిగి, తెల్లారినంక పైకొచ్చేటోడు. మస్టర్, అంటే హాజరు, మాత్రం దిగిన తారీఖుకే పడేది. మేము కండ్లు నులుముకుంట లేచేసరికి ఆయన గడప మీద కూసోని చాయ్ తాగుకుంట "ఇయ్యాల్టి పని ఒడిసింది" అనేటోడు. మా ఇయ్యాల అప్పుడే మొదలయ్యేది, ఆయనది అప్పుడే అయిపోయేది. అండ్ల వింత ఉన్నదని మాకు ఎన్నడు తోచలే.

ఈ లెక్క దగ్గరనే నేను ఒక మనిషిని పోగొట్టుకున్న. అందుకే చెప్తున్న.

ఆమె, నేను ఒకే ప్రైవేటు డిగ్రీ కాలేజీల కంప్యూటర్ లెక్చరర్లం. నాకన్న చిన్నది. క్రైస్తవుల ఇల్లు, నాయిన బాయిల బొగ్గు కొట్టి కొట్టి పింఛన్ అయిన మనిషి. నేను చెల్లె అంటుంటి, ఆమె అక్క అంటుండె. పిలుపు అంత మెత్తగనే ఉండేది. ఆ తర్వాత మాటనే కలిసేది కాదు. మేమిద్దరం నోరు తెరిస్తే ఫిజిక్స్ సారు టిఫిన్ డబ్బా పట్టుకొని వరండలకు పోయేటోడు. "మీ ఇద్దరికి పడనప్పుడు పక్క పక్క కుర్చీలెందుకు మేడం" అని అడిగిండొకసారి. పడకపోవుడు ఏంది సారు, కొట్లాడనీకె కూడ సరిజోడు దొరకాలె గదా అన్న.

మా కాలనీల ఒక సాయం సంఘం ఉండేది. బాయి కార్మికులు, పింఛనుదార్లు కలిసి పెట్టుకున్నది. పిల్లల స్కూల్ వ్యాను, ఫంక్షన్ హాలు, ఆపదల ఉన్నోళ్ళకు రక్తం, ఈ మూడు పనులు చూసేది. అన్నీ నోటి మాట మీదనే నడిచేది కాబట్టి అన్నిట్ల లొల్లే. చదువుకున్నోళ్ళు మీరే గదా, ఒక ఆప్ చేసియ్యిన్రని సెక్రటరీ అడిగిండు. చేసిచ్చినం. మూడు పనులకు మూడు మాడ్యూళ్ళు. వ్యానుది నేను రాసిన, హాలుది, రక్తానిది ఆమె రాసింది.

మొదట్ల ఎవరి కోడ్ వాళ్ళది, ఎవరి పేర్లు, నంబర్లు వాళ్ళవి. ఒక తండ్రి ఫోన్ నంబర్ మార్చుకుంటే నేను వ్యాను దాంట్ల మార్చిన. రక్తం దాంట్ల పాతదే ఉండిపోయింది. ఆ పాత నంబరు అప్పటికే మంచిర్యాల కాడ కోళ్ళ ఫారం నడిపే ఒకాయనకు పోయింది. ఒకనాడు ఎవరికో రక్తం కావాలని ఫోన్ పోతే "ఎన్ని కిలోలు" అని అడిగిండట.

ఆ మాట విని ఆమె పడి పడి నవ్వింది. నేను నవ్వలే. నేను అప్పటికే ఉపన్యాసం మొదలు పెట్టిన. ఇద్దరికి అవసరమయ్యేది ఏదైనా ఒక్క దగ్గరనే ఉండాలె, అక్కడ మారిస్తే అందరికి మారాలె. కాలనీ మనుషుల పేర్లు, నంబర్లు, షిఫ్టులు, తెలుగు అక్షరాలు, ఆఖరికి బటన్ల రంగు కూడ ఒక ఫోల్డర్ల పెడదామన్న. దానికి ఉమ్మడి అని పేరు పెట్టిన.

"అక్క, మా వాడకట్టుల ఉమ్మడి నల్లా ఉండె," అన్నది ఆమె. "పొద్దుగాల లేస్తే బిందెలతోని నెత్తులు పలగొట్టుకునేటోళ్ళు. ఎవరి నల్లా వాళ్ళకొచ్చినంక అందరు మంచోళ్ళయిన్రు."

"అందరు మంచోళ్ళయిన్రు గని, పక్కింట్ల ఎవరున్నరో ఎవరికన్న తెలుసా ఇప్పుడు?"

"తెల్వకుంటెనే మంచిది, నీసొంటోళ్ళు పక్కింట్ల ఉన్నప్పుడు."

అనుడు అన్నది గని, ఉమ్మడిలకు మొదటి ముక్క రాసింది ఆమెనే. దాని పని ఒక్కటే, మనిషి పైన ఉన్నడా, లోపల ఉన్నడా చెప్పుడు. బాయిలకు ఫోన్ తీస్కపోనియ్యరు. దిగేముందు లాకర్ల పెట్టి దిగాలె. రక్తం కావాలని లోపల ఉన్నోనికి ఫోన్ చేస్తే అది లాకర్ల మోగి మోగి ఊకుంటది. అందుకని ఆప్ ఆ మనిషి షిఫ్టు చూస్తది, పైన ఉన్నోళ్ళకే ఫోన్ చేస్తది. నా వ్యానుకు కూడ అదే అక్కెరకొచ్చింది. బండి ఆలస్యమైతే నాయిన లోపలుంటే తల్లికి కబురు పోయేది. ఒక్క ముక్క, ఇద్దరం వాడుకున్నం. ఇంటికి పెద్ద కొడుకు లెక్క పనికొచ్చింది అది.

దానికి ఇయ్యాల ఏ తారీఖో తెలియాలె. తారీఖు చెప్పే ముక్క నేను రాసిన. మా బాపు లెక్కనే రాసిన. మొదటి షిఫ్టుతోని రోజు మొదలు, మళ్ళ మొదటి షిఫ్టు దాక అదే రోజు. రాత్రి దిగినోడు తెల్లారి పైకొచ్చే దాక దిగిన తారీఖులనే ఉంటడు. ఆమె హాలు కూడ ఆ తారీఖునే వాడుకునేది. బంగారమసొంటి లెక్క.

క్రిస్మస్ నెలల వాళ్ళ పాస్టరు గారు హాలు అడిగిండు. డిసెంబర్ ఆఖరి రాత్రి పన్నెండు కొట్టంగనే కొత్త సంవత్సరం ప్రార్థన. జనవరి ఒకటో తారీఖని పెట్టిండు. మా ఆప్ మాత్రం, పన్నెండు గంటలంటే ఇంకా డిసెంబర్ ముప్పై ఒకటే, ఆ రోజు హాల్ల ఎవరిదో రిసెప్షన్ ఉన్నది, ఖాళీ లేదు అని చెప్పింది. పాస్టరు గారు ఆమెను పిలిచి నెమ్మదిగ అడిగిండట, "అమ్మా, మన సంఘం ఆప్‌ల కొత్త సంవత్సరం ఎప్పుడొస్తది?"

మరునాడు స్టాఫ్ రూంల నా మీదికొచ్చింది. "తారీఖు పన్నెండింటికి మారుతది అక్క. లోకమంత గంతే."

"లోకం బాయి దిగుతదా?"

"ఫంక్షన్ హాలు దిగుతదా మరి?"

"మా పెండ్లి పత్రికలు చూడు. అర్ధరాత్రి దాటినంక ముహూర్తముంటె గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం అని రాస్తరు. పంచాంగానికి పొద్దు పొడిస్తెనే రోజు. బాయికి గంతే. నీ గడియారమే తప్పు."

"అయితే పంచాంగం నీ వ్యానుకు కట్టుకో. నా హాలుకు నేను వేరే తారీఖు రాసుకుంట."

వేరే అన్న మాట నాకు పడదు. అట్ల వేరు వేరు రాసుకుంటెనే కోళ్ళ ఫారాలకు ఫోన్లు పోయేది. వారం దినాలు కొట్లాడినం. ఆఖరికి తేలిందేందంటే, ఉమ్మడిలనే రెండు ఉండాలె, ఒకటి బాయి రోజు, ఒకటి గడియారం రోజు. ఏ మాడ్యూలుకు ఏది కావాలో అది అడిగి తీస్కోవాలె. రక్తానికి బాయి రోజు, హాలుకు గడియారం రోజు. ఇద్దరం గెలిచినం. అట్ల ఇద్దరం గెలిచిన కొట్లాట నా బతుకుల అదొక్కటే.

కోడ్ పక్కన, ఇది ఎందుకు గిట్ల రాసినం అని మామూలు మాటల్ల ఒక వాక్యం రాసుకునే వీలుంటది. రాయకుంటె పిల్లలకు మార్కులు కోసేటోళ్ళం మేమిద్దరం. బాయి రోజు పక్కన మాత్రం ఏం రాయలే. గోదావరిఖనిల మూడో షిఫ్టు సంగతి ఎవరికి ఇప్పి చెప్పాలె? చేపపిల్లకు ఈత నేర్పాల్నా?

కొన్నేండ్లు బాగ నడిచింది. తర్వాత కార్మికుల యూనియన్ ఎన్నికలొచ్చినయి. ఎవరు ఏ జెండ పట్టుకున్నరో ఆ లొల్లి సాయం సంఘంల చొచ్చింది, సంఘం రెండయింది. ఆమె అన్న కొత్త సంఘానికి పెద్దమనిషయిండు. మా ఆయన పాత దాంట్లనే ఉండె. రెండు సంఘాలు కూడ ఆప్ మాదేనన్నరు. రాసిన మమ్మల్ని ఎవరు అడుగలే. అన్నదమ్ములు ఏర్లు పడేటప్పుడు కోడండ్లను అడుగుతరా?

కాలేజీ ల్యాబుల ఆమె పెన్ డ్రైవ్ పెట్టి అంతా కాపీ చేసుకుంటుంటే నేను పక్కన నిలబడ్డ.

"ఉమ్మడి కూడ తీస్కపోతున్నవా?" అన్న.

"అది లేకుంటె మిగిలింది నడవది గదా అక్క. నువ్వే గట్ల రాపిస్తివి."

"ఇగ అది ఉమ్మడి ఎట్లయితది? రెండయినంక."

"పేరు మార్చుకో, నీ దగ్గర ఉన్నదానికి."

మార్చలే. ఆమె కూడ మార్చలే అని తర్వాత తెలిసింది. ఏదన్న తప్పు దొరికితే ఒకరికొకరం చెప్పుకోవాలని మాత్రం అనుకున్నం. ఒకటి రెండు సార్లు చెప్పుకున్నం. ఇంతల ఆమె అన్న, వాళ్ళ కోడ్ మనకెందుకు, అండ్ల ఏం పెట్టి పంపుతరో అన్నడట. మా దిక్కు సెక్రటరీ ఇంకో మాట ముందుకుపోయి, మన కోడ్ వాళ్ళకు పోతున్నదట గదా మేడం అని నన్నే అడిగిండు. ఆమెకు పెద్దపల్లిల ఒక స్కూల్ల ఉద్యోగం దొరికింది, కాలేజీ ఇడిసి ఇక్కడి నుంచే రోజు పోయొస్తుండె. వాళ్ళ ఆప్‌ను హైదరాబాద్‌ల పని చేసే ఒక చుట్టం ఖాళీ ఉన్నప్పుడు చూస్తుండె. పక్క కుర్చీల ఒక కొత్త మేడం వచ్చింది. నేను ఏమన్నా "అవును మేడం" అంటది. ఆమెతోని ఏం కొట్లాడుత.

మొన్న ఎండకాలం చెల్లె కూరగాయల మార్కెట్ల ఎదురుపడ్డది. నవ్విన. ఆమె నవ్వలే.

"బాగున్నవా అక్క," అన్నది. "రాత్రిళ్ళు మంచిగ నిద్రపడుతున్నదా?"

"పడుతున్నది. నీకు పడుతలేదా?"

"మాకెట్ల పడుతది. ఫోన్ మోగితే లేచే అలవాటు మాకు. పెద్దోళ్ళకు మోగినా వినపడది."

నేను ఊకుంటనా? "మోగితే ఎత్తుత. మోగని ఫోను చెవుల పెట్టుకొని తిరుగనీకె నాకు నీ అంత తీరిక లేదు," అన్న.

ఆమె అట్లనే వెనుకకు మర్రింది. కొన్న కూరగాయలు కూడ సంచిల వేసుకోకుండ పోయింది. "ఏమైంది మేడం, పైసలిచ్చి పాయె, టమాటలు ఇడిసిపెట్టి పాయె," అన్నది కూరగాయలామె.

ఆ టమాటలు నా సంచిల వేసుకొని ఇంటికొచ్చి మా ఆయనను అడిగిన. "వాళ్ళ నాయినకు పాణం బాగలేకుండె గదా," అన్నడు. "రక్తం దొరకక కరీంనగర్ తీస్కపోయిన్రట. నీకు తెల్వదా?"

తెల్వది. వాళ్ళ నాయినది, నాది ఒకటే రక్తం. ఓ నెగెటివ్. రక్తం మాడ్యూలు రాసేటప్పుడు ఆమె మొదటగ ఎక్కిచ్చిన పేరు నాదే. "నాలుకకే గాదు, నెత్తురుకు కూడ నీది వేరే గ్రూపే అక్క" అని నవ్విన మనిషి.

ఆ సాయంత్రమే పోయిన. వాళ్ళ నాయిన ముందటి అర్రల మంచం మీద పండుకొని ఉన్నడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేస్తలేవు. నన్ను గుర్తువట్టిండు. "బిడ్డా, బాయిల ఉన్నన్ని దినాలు ఒక్క చుక్క నెత్తురు పోలే," అన్నడు, ఒక్కొక్క మాట కూడదీసుకుంట. "కూసొని తినే దినాలల్ల కడుపుల కెల్లి పోయింది."

ఆమె టమాటల సంచి తీస్కోని లోపల పెట్టింది. కూసో అనలే. నేనే కూసున్న.

"నాకు ఫోన్ రాలే చెల్లె," అన్న.

"ఆప్ అందరికి చేసింది."

"నాకు రాలే."

అప్పుడు చెప్పింది. అర్ధరాత్రి దాటినంక నాయిన నెత్తురు కక్కుకున్నడు. దవాఖానకు తీస్కపోతే ఆ గ్రూపు లేదన్నరు. ఆమె ఆప్ తెరిచి అడిగింది. అయిదారుగురికి ఫోన్లు పోతున్నయని చూపిచ్చింది. ఎవరెవరికో చూపియ్యది. పేర్లు బయటపడితే జనం ఇండ్లకొచ్చి సతాయిస్తరని మేమే దాచి పెట్టినం. ఫోన్లు పోయినయి, ఒక్కరు ఎత్తలే. ఆప్ మళ్ళ చేసింది, మళ్ళ ఎవరు ఎత్తలే. ఇప్పుడెత్తుతరు, ఇప్పుడెత్తుతరు అనుకుంట అంబులెన్స్ ఎక్కించుడు ఆలస్యం చేసిన్రు. ఎక్కించినంక దారిల బీపీ పడిపోయి ఒక దిక్కు చెయ్యి, కాలు పడిపోయినయి. తెల్లారి మొదటి షిఫ్టు దిగే యాళ్ళకు, మూడో షిఫ్టు నుంచి పైకొచ్చినోళ్ళు లాకర్లు తెరిచి ఫోన్లు చూసుకొని, తానం కూడ చెయ్యకుండ అట్లనే నల్ల మొహాలతోని దవాఖానకు ఉరికొచ్చిన్రట. అప్పటికే అంబులెన్స్ కరీంనగర్ దిక్కు పోయింది, మంచం ఖాళీగ ఉన్నది.

"ఆ గ్రూపోళ్ళు మా దాంట్ల ఉన్నదే అయిదారుగురు, ఆ రాత్రి అందరు లోపలనే ఉండిరి అక్క. లోపలున్నోళ్ళకే చేసింది. ఎందుకు చేసిందో నాకు సమజ్ కాలే. చూడాలనిపియ్యలే కూడ."

"చూద్దాం పా," అన్న.

కంప్యూటర్ తెచ్చి పక్కన కూసున్నది. ఉమ్మడి తెరిచినం. బాయి రోజు ఉన్న కాడ బాయి రోజు లేదు. దాన్ని తీసేసి గడియారం రోజు పెట్టి ఉన్నది. పక్కన హైదరాబాద్ చుట్టం ఒక వాక్యం రాసిండు, రోజు తప్పుగ ఏడింటికి మారుతున్నది, పన్నెండింటికి సరిచేసిన అని. ఆయన దిక్కు చూస్తే అదీ సరిదిద్దుడే. పన్నెండు దాటంగనే ఆప్‌కు తారీఖు మారింది. ఆ తారీఖు మూడో షిఫ్టు ఇంక రాత్రికి గదా మొదలయ్యేది. అంటే రాత్రి దిగిన ప్రతి మనిషి ఇంట్ల పండుకున్నడని దాని లెక్క. బాయి రోజే ఉండుంటే పైన ఎవరు లేరని అప్పుడే చెప్పేది.

మేము రాయని వాక్యం ఎంత పొడుగు ఉండేదో ఇద్దరికి తెలుసు. దిగిన తారీఖుకే మస్టర్. గంతే.

"ఆయనను అనేదేముంది," అన్నది ఆమె. "ఆయన ఏనాడన్న బాయి చూసిండా?" పేర్ల జాబితా తెరుచుకుంట, "నువ్వు లోపల లేవు గదా. నువ్వు పైననే ఉన్నవ్. నీకెందుకు రాలే?" అన్నది.

నా పేరు వెతికింది. లేదు. ఎవరు తీసిన్రో చూసింది. ఎవరు తీయలే. సభ్యత్వం అయిపోయినోళ్ళ పేర్లు వాటంతటవే పక్కకు పోయేటట్టు ఒక ముక్క ఉన్నది అండ్ల. ఊరు ఇడిసినోళ్ళకు, సచ్చిపోయినోళ్ళ ఇంటికి ఫోన్లు పోవద్దని సంఘం ఒక్కటి ఉన్నప్పుడు ఇద్దరం కలిసి రాసింది. సంఘం రెండయినంక నేను వాళ్ళ దాంట్ల సభ్యత్వం తీస్కోలే. ఏడాది ఒడవంగనే నేను ఊరిడిసినోళ్ళల్ల కలిసిన.

నేను నా ఫోన్ తీసి మా ఆప్ తెరిచిన. ఆమె పేరు కొట్టిన. రాలే.

"నీ దాంట్ల నేను సచ్చిపోయిన్ననా, ఊరిడిసిన్ననా?" అని అడిగింది. నవ్వుకుంటనే అడిగింది. నేను ఫోన్ బోర్లించి పెట్టిన.

"నేను మీ దాంట్ల సభ్యత్వం తీస్కుంట," అన్న.

"మా అన్న ఇయ్యడు."

"నువ్వు మా దాంట్ల తీస్కో."

"మీ సెక్రటరీ ఇస్తడా?"

ఇయ్యడు. బాయి రోజును తిరిగి దాని జాగల పెట్టినం. ఈసారి పక్కన ఎందుకో రాసినం, ఆమె చెప్పింది, నేను కొట్టిన. ఒక్క పదం మీద కూడ కొట్లాడలే. కొట్లాడితే బాగుండనిపించింది.

లేసి వచ్చేటప్పుడు గేటు దాక వచ్చింది. "అక్క, ఒక్క మాట," అన్నది. "నీ నంబరు నా ఫోన్ల ఉండనే ఉండె. ఆ రాత్రంత ఫోన్ చేతులనే ఉన్నది. ఆప్ చేసింది గదా, మోగింది గదా అనుకున్న. మోగినా రానోళ్ళను నేనెందుకు బతిమిలాడాలె అనుకున్న. నేను చేస్తే వచ్చుందువు."

"రెండు గల్లీలే గదా చెల్లె. వచ్చుందును."

"అదే అక్క. నాకిప్పుడు నిన్ను చూస్తే అదే యాదికొస్తది. నువ్వు రాకు."

కోపంతోని అనలే. కోపంతోని అంటె జవాబు నా దగ్గర ఎప్పుడూ ఉంటది. వాళ్ళ గల్లీల నుంచి పోవాల్సొస్తే ఇప్పుడు చుట్టు తిరిగి పోతున్న.